చింతపిక్కలతో జనాభిప్రాయం: ఇంట్లోనే చేసి చూడటం ఎలా?

అయస్కాంతాన్ని లెక్కగట్టే మోడల్‌తోనే జనం అభిప్రాయాలు ఎలా మారతాయో చూడొచ్చని నేను చెప్పినప్పుడల్లా, "అయస్కాంతానికీ మా వీధి జనానికీ సంబంధం ఏంటండీ?" అని ఒకరు అడుగుతారు. "ఆ మోడల్‌తో ఈసారి ఎవరు గెలుస్తారో చెప్పొచ్చా?" అని పదిమంది అడుగుతారు. రెండో ప్రశ్నకి జవాబు చిన్నది: చెప్పలేం. మొదటిదానికి ఎంత వివరంగా జవాబు చెప్పినా తల ఊపి వెళ్ళిపోతున్నారు కాబట్టి, ఈసారి చేసి చూసుకునే పద్ధతే రాస్తున్నాను. ఒక మధ్యాహ్నం పడుతుంది. గుంటూరు ఎండల్లో మధ్యాహ్నం బయటికెళ్ళి చేసేదేముంది గనక.

సిద్ధాంతం నాలుగు ముక్కల్లో చెప్తాను. ఇనుములో ప్రతి అణువూ ఒక బుల్లి అయస్కాంతం. అది పైకైనా చూస్తుంది, కిందికైనా చూస్తుంది, పక్కవాళ్ళు ఎటు చూస్తే అటు తిరగాలనుకుంటుంది. వేడి దాన్ని కుదురుగా ఉండనివ్వదు. 1920లో విల్‌హెల్మ్ లెంజ్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ ఊహని లెక్కగా రాశాడు. దాన్ని ఆయన శిష్యుడు ఎర్న్‌స్ట్ ఐసింగ్ ఒకే వరుసలో ఉన్న అణువులకి సాధించాడు, ఆ పేపరు 1925లో వచ్చింది. అణువు అన్నచోట ఇల్లు, "పైకి" అన్నచోట "అవును", "కిందికి" అన్నచోట "వద్దు" అని పెట్టుకుంటే మన పని మొదలైనట్టే.

బోర్డుకి గుంటూరులోని బ్రాడీపేటని తీసుకుందాం. అక్కడ చిరునామా చెప్పే తీరే 4/7, అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. గళ్ళ కాయితం మీద కట్టిన పేట అన్నమాట. మీది విజయవాడ అయితే మీ అపార్ట్‌మెంట్‌ని ఫ్లోర్లు అడ్డంగా, ఫ్లాట్లు నిలువుగా వేసుకోండి.

కావలసినవి

- చింతపిక్కలు 40. బోర్డుకి 36, మంచం కిందకి దొర్లిపోయేవాటికి బదులు 4. ప్రతి పిక్కనీ ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద అరగదీయండి. అష్టాచెమ్మా ఆడే ఇళ్ళలో ఇలాంటివి నాలుగైదు ఉండే ఉంటాయి. అరగదీసే ఓపిక లేకపోతే సోడా మూతలు వాడండి, బోర్లా వెల్లకిలా తేడా తెలిస్తే చాలు.
- లూడో పాచికలు 2, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది.
- 6 అడ్డం, 6 నిలువు గళ్ళు గీసిన చార్టు.
- లెక్క రాసుకోవడానికి నోటుపుస్తకం.
- తర్వాతి దశకి లాప్‌టాప్, కాస్త పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష). రాకపోయినా మొదటి ఎనిమిది మెట్లకి అడ్డం లేదు.

మెట్లు

1. జవాబు అవును, కాదు అనే రెండు ముక్కల్లోనే వచ్చేలా ప్రశ్న అడగండి. "సోలార్ గురించి మీరేమంటారు?" అంటే లెక్కకి అందదు. "మేడ మీద సోలార్ పెట్టించుకోవడం లాభమా?" అంటే అందుతుంది. తెలుపు వైపు పైకి ఉంటే అవును, నలుపు పైకి ఉంటే కాదు. "చూద్దాంలెండి" అనేవాళ్ళని ఏం చేయాలని అడుగుతారు. మొదటి ఆటలో వాళ్ళని నలుపులో వేయండి. "చూద్దాం" అన్నవాళ్ళ మేడ మీద రేపటికైతే సోలార్ ఉండదు కదా.

2. బోర్డు అంచులు కలపండి. 6వ లైను దాటితే మళ్ళీ 1వ లైను వచ్చిందనుకోండి, అడ్డరోడ్లకీ అంతే. ఇలా అనుకుంటే ప్రతి ఇంటికీ సరిగ్గా నలుగురు పొరుగువాళ్ళుంటారు. ఇది చేయకపోతే మూల ఇళ్ళకి ఇద్దరే మిగులుతారు, తర్వాత చెప్పే లెక్కలన్నీ తప్పుతాయి.

3. పిక్కలు పరచండి. 22 తెలుపు, 14 నలుపు. మీ ఇష్టం వచ్చినచోట పెట్టకండి, చెయ్యి తెలీకుండానే తెల్లవన్నీ ఒకచోటికి చేరుస్తుంది. ఎర్ర పాచిక లైను, తెల్ల పాచిక అడ్డరోడ్డు. పడిన గడి ఖాళీగా ఉంటే తెల్లపిక్క పెట్టండి. 22 నిండాక మిగిలిన గళ్ళన్నీ నలుపు.

4. మొదటి ఆట, పక్కింటి మాట. రెండు పాచికలు వేసి ఒక ఇల్లు ఎంచుకోండి. మళ్ళీ ఒక పాచిక వేయండి: 1 పడితే పై పొరుగు, 2 కుడి, 3 కింద, 4 ఎడమ. 5, 6 పడితే ఇంకోసారి వేయండి. ఆ పొరుగు రంగేదో ఈ ఇంటికీ అదే. ఇలా 36 సార్లు చేస్తే ఒక విడత. విడత విడతకీ తెల్లవి ఎన్నో రాసుకోండి.

   దీన్ని ఓటర్ మోడల్ అంటారు. పేరు చూసి ఎన్నికల లెక్క అనుకోవద్దు, ఓటు వేయడమేమీ ఇందులో లేదు. తెల్లవాటి సంఖ్య తాగినవాడి నడకలా అటూ ఇటూ పోతుంది, ఎటువైపూ మొగ్గు ఉండదు. చివరికి బోర్డంతా ఒకే రంగు అవుతుంది, కానీ ఏ రంగన్నది అదృష్టం. 22 తెల్లవాటితో మొదలుపెడితే తెలుపు గెలిచే అవకాశం సరిగ్గా 36లో 22, అంటే 61 శాతం. చేత్తో ముగింపు దాకా వెళ్ళాలని పంతం పట్టకండి. వేల పాచికలు వేయాల్సి వస్తుంది. ఐదు విడతలు చూసి ఆపండి.

5. రెండో ఆట, నలుగురి మాట. దీనికోసమే ఇదంతా రాస్తున్నాను కాబట్టి ఇక్కడ నింపాదిగా చదవండి. పాచికలతో ఇల్లు ఎంచుకుని నలుగురు పొరుగువాళ్ళనీ చూడండి.

   - ముగ్గురో నలుగురో ఎదురు రంగైతే: పిక్క తిప్పేయండి.
   - ఇద్దరు అటు, ఇద్దరు ఇటు అయితే: తిప్పేయండి. ఇది అన్యాయంగా అనిపిస్తే బొమ్మా బొరుసూ వేసుకోండి. చివరికి తేలే ఫలితం మారదు, కాస్త నెమ్మదిస్తుందంతే.
   - ముగ్గురు తన రంగే, ఒకరే ఎదురు: ఒక పాచిక వేయండి. 6 పడితేనే తిప్పాలి.
   - నలుగురూ తన రంగే: రెండు పాచికలూ వేయండి. రెండూ 6 పడితేనే తిప్పాలి.

   6 పడితే అన్నది నేను తోచి పెట్టింది కాదు. ఐసింగ్ లెక్కలో నలుగురూ తనవైపున్నప్పుడు ఎదురు తిరిగే అవకాశం, ముగ్గురున్నప్పటి అవకాశానికి వర్గం. 1/6కి వర్గం 1/36, రెండు పాచికల మీదా ఆర్లు పడే అవకాశమూ అంతే. ఈ నియమానికి ఉష్ణోగ్రత 2.23 (డిగ్రీలు కాదు, ఈ లెక్క సొంత కొలత). బోర్డు అనంతంగా ఉంటే అందరూ ఒకేవైపు ఉండే కుదురు చెదిరిపోయే ఉష్ణోగ్రత 2.27 దగ్గర ఉందని లార్స్ ఆన్‌సాగర్ అనే శాస్త్రవేత్త 1944లో లెక్కగట్టి చూపించాడు. అంటే మామూలు లూడో పాచిక మిమ్మల్ని దాదాపు ఆ గట్టు మీదే నిలబెడుతోంది. ఈ సంగతి మొదటిసారి గమనించిన రోజు నాకు అన్నం సహించలేదంటే నమ్మండి.

   ఇప్పుడు చల్లబరచండి. ముగ్గురు తనవైపుంటే రెండు పాచికలూ 6 పడాలి, నలుగురూ తనవైపుంటే అసలు తిప్పొద్దు. ఉష్ణోగ్రత సుమారు 1.12. తర్వాత వేడి చేయండి. ముగ్గురుంటే ఒక పాచిక మీద 5 గానీ 6 గానీ, నలుగురుంటే రెండింటి మీదా 5 గానీ 6 గానీ. ఉష్ణోగ్రత 3.64. చల్లని ఆటలో తెల్లమచ్చలూ నల్లమచ్చలూ పెరిగి ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. వేడి ఆటలో బోర్డు నువ్వులు చల్లినట్టు ఉంటుంది, ఎంతసేపు ఆడినా అంతే. మధ్య ఆటలో పెద్ద పెద్ద మచ్చలు పుడతాయి, కాసేపు నిలుస్తాయి, చెదురుతాయి.

   ఒక హెచ్చరిక. ఇక్కడ వేడి అంటే ఆవేశం కాదు. నలుగురి మాటా లెక్కచేయకుండా ఎవరికి తోచింది వాళ్ళు చేయడం. వీధిలో అందరూ ఒకేమాట మీద అరుచుకుంటున్నారంటే మన లెక్కలో అది చల్లని వీధి.

6. మొండివాళ్ళని పెట్టండి. ఒక తెల్లపిక్కకి కుంకుమ బొట్టు పెట్టి, దాన్ని ఎప్పుడూ తిప్పొద్దని నియమం పెట్టుకోండి. నాలుగో మెట్టులోని ఆటలో ఒక్క మొండివాడుంటే చాలు, ఎంత ఆలస్యమైనా బోర్డంతా చివరికి వాడి రంగే. రెండు వైపులా మొండివాళ్ళుంటే ఎప్పటికీ తేలదు. అందరూ అందరితో మాట్లాడే గుంపులో ఇద్దరు తెల్ల మొండి, ఒక నల్ల మొండి ఉన్నారనుకోండి. మిగతావాళ్ళలో తెలుపు వాటా అటూ ఇటూ తిరుగుతూ సగటున మూడింట రెండు వంతులు ఉంటుంది. మొదట ఎంతమందితో మొదలుపెట్టారన్నది ఇక అనవసరం.

7. రైలు పట్టాలు వేయండి. ఇంకో బోర్డు గీసి దానికి అరండల్‌పేట అని పేరు పెట్టండి. బ్రాడీపేటకీ దానికీ మధ్య రైలు పట్టాలున్నాయి కదా. రెండు బోర్డులకీ ఒకే ఒక్క జత గళ్ళ ద్వారా సంబంధం ఉంచి చల్లని నియమంతో ఆడండి. ఒక పేట పూర్తిగా తెలుపు, రెండోది పూర్తిగా నలుపు అయ్యి గంటల తరబడి అలాగే ఉండిపోవచ్చు. ఓపిక లేనివాళ్ళు ఈ మెట్టు దాటేయొచ్చు.

8. మీటింగు లెక్క. దీనికి పిక్కలక్కర్లేదు, ఫోన్లో కాలిక్యులేటర్ చాలు. ఫ్రాన్స్‌కి చెందిన సెర్జ్ గలామ్ అనే భౌతికశాస్త్రవేత్త పద్ధతి ఇది. జనం చిన్న చిన్న గుంపులుగా కలుస్తారు. గుంపులో ఎక్కువమంది ఏమంటే అందరూ అదే అనుకుని లేస్తారు. మళ్ళీ వేరే గుంపుల్లో కలుస్తారు. ముగ్గురేసి కలిస్తే 60 శాతం అవును అన్నవాళ్ళు విడత విడతకీ 64.8, 71.6, 80.3, 89.9 అవుతారు. సగం దాటినవాళ్ళదే రాజ్యం, ఇందులో వింతేం లేదు.

   నలుగురేసి కలిస్తేనే తమాషా. ఇద్దరు అవును, ఇద్దరు కాదు అన్నచోట మనవాళ్ళు ఏమంటారో మీకు తెలుసు: "ఇప్పుడెందుకులే, తర్వాత చూద్దాం." అంటే సమానమైన ప్రతిసారీ గెలుపు పాత పద్ధతిదే. ఈ ఒక్క నియమం పెట్టి 70 శాతం అవునుతో మొదలుపెట్టండి: 65.2, 56.6, 41.7, 20, ఆ తర్వాత 3 కూడా లేదు. అపార్ట్‌మెంట్‌లో నూటికి 70 మంది సోలార్ కావాలనుకుంటూనే ఐదు విడతల కబుర్లలో వద్దనే తీర్మానానికి వచ్చేశారు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. కొత్త పని నెగ్గాలంటే మొదటే దాదాపు 77 శాతం ఉండాలి.

   మీరే వేసి చూసుకోండి. వాటాని p అనుకుంటే కొత్త వాటా: p నాలుగో ఘాతం, దానికి కలిపి 4 × p మూడో ఘాతం × (1 − p).

9. కంప్యూటర్‌కి ఎక్కించండి. పైథాన్‌లో పాతిక లైన్లలోపే అవుతుంది, గూగుల్ కొలాబ్‌లో (బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే సైటు) అయితే ఫోన్లోనూ నడుస్తుంది. +1, −1 లతో ఒక పట్టీ, యాదృచ్ఛికంగా ఒక గడి, దాని నలుగురి మొత్తం, పైన చెప్పిన నియమం, అదే లూపులో లక్షసార్లు. ప్రచారం, వార్తలు, కరెంటు బిల్లు లాంటి బయటి ఒత్తిడి కావాలంటే నలుగురి మొత్తానికి 0.1 లాంటి చిన్న అంకె కలపండి. పాచికలతో ఇది కుదరదు. ఎక్సెల్‌లో మాత్రం చేయకండి. అది గళ్ళన్నిటినీ ఒకేసారి లెక్కగడుతుంది, మనకి ఒక్కొక్కటిగా కావాలి.

అందరూ చేసే తప్పులు

అన్నిటికంటే పెద్దది ఇప్పుడు చెప్పిందే. నేను మొదటిసారి ప్రోగ్రామ్ రాసినప్పుడు పాత బోర్డు చూసి 36 ఇళ్ళనీ ఒకేసారి మార్చేశాను. బోర్డు చదరంగం బల్లలా తయారై, పెళ్ళింటి సీరియల్ లైట్లలా తెలుపూ నలుపూ మారుతూ కూర్చుంది. "జనం తీవ్రమైన ఊగిసలాటలో ఉన్నారు" అని రెండు పేజీల వ్యాఖ్యానం కూడా రాశాను. జనమూ లేరు, ఊగిసలాటా లేదు. చుట్టూ నలుగురూ ఎదురని అందరూ ఒకేసారి తిరిగితే మళ్ళీ అందరికీ చుట్టూ నలుగురూ ఎదురే. ఒక్క ఇల్లు తిప్పండి, బోర్డు మార్చండి, తర్వాతే ఇంకో ఇల్లు.

రెండోది, ఒకసారి ఆడి తీర్పు చెప్పేయడం. తెలుపు గెలిచిందంటే దానర్థం ఆ మధ్యాహ్నం తెలుపు గెలిచిందని. కనీసం వందసార్లు నడపాలి, అందుకే కంప్యూటర్.

చారలు చూసి కంగారు పడటం మూడోది. వేడి అసలు లేకుండా, అంటే తనవైపు ముగ్గురున్నా ఎప్పుడూ తిప్పకుండా, పెద్ద బోర్డు మీద సగం సగంతో మొదలుపెడితే దాదాపు మూడింట ఒక వంతు సార్లు ఆట చారల్లో ఇరుక్కుపోతుంది. కొన్ని లైన్లు తెలుపు, కొన్ని నలుపు, రెండు రంగులూ కలిసే గట్టు మీద ఉన్న ప్రతి ఇంటికీ ముగ్గురు తనవాళ్ళే. అది మీ తప్పు కాదు, కొద్దిగా వేడి ఇస్తే కరుగుతుంది.

ఇక పొరుగు అంటే గోడ పక్కవాళ్ళే అనుకోవడం. నా ఎదురు ఫ్లాట్ వాళ్ళతో నాకు పలకరింపు తప్ప మాట లేదు. ఎన్టీఆర్ స్టేడియంలో వాకింగ్‌కి కలిసే ముగ్గురితో రోజూ గంట కబుర్లు. నిజం వీధిని లెక్కగట్టాలంటే గళ్ళు మానేసి ఎవరు ఎవరితో మాట్లాడతారో పేర్ల జాబితా రాసుకోవాలి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

- ఓటర్ మోడల్‌ని 22 తెల్లవాటితో వందసార్లు చివరిదాకా నడపండి. తెలుపు 51 నుంచి 71 సార్ల మధ్య గెలిస్తే ప్రోగ్రామ్ బాగానే ఉన్నట్టు. 85 వస్తే ఎక్కడో మొగ్గు దూరింది, పొరుగుని ఎంచే లైను చూడండి.
- రంగులు తారుమారు చేసి మళ్ళీ నడపండి. ఫలితమూ తారుమారు కావాలి.
- 50 × 50 బోర్డు మీద ఉష్ణోగ్రతని 1.5 నుంచి 3.5 దాకా కొద్దికొద్దిగా పెంచండి. తెలుపు నలుపుల తేడా 2.27 చుట్టుపక్కల కుప్పకూలాలి. 6 × 6 మీద ఇది స్పష్టంగా కనబడదు, ఒక వాలులా వస్తుంది, భయపడకండి.

నిజం వీధితో పోల్చాలంటే

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. మోడల్ నడిపి, తర్వాత ఊళ్ళో జరిగినదానికి సరిపోయేలా ఉష్ణోగ్రత సవరిస్తారు. అలా చేస్తే ఏదైనా సరిపోతుంది. దానికి బదులు ఇలా చేయండి.

ఒకే ప్రశ్న ఒకే ఇళ్ళని నెల తేడాతో రెండుసార్లు అడగండి. వాట్సాప్ గ్రూపులో అడగకండి, అక్కడ మాట్లాడే ఆరుగురే మీకు 36 మందిగా కనిపిస్తారు. మొదటి విడతలో ప్రతి ఇంటికీ వాళ్ళు మాట్లాడే నలుగురిలో ఎందరు తనవైపో రాసుకోండి. రెండో విడత తర్వాత రెండు శాతాలు తీయండి: ముగ్గురు తనవైపున్నా మారినవాళ్ళు, ముగ్గురు ఎదురుండగా మారినవాళ్ళు. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 1/6 దగ్గర వస్తే మీ వీధి మన లూడో పాచిక దగ్గర ఉంది. 1 వస్తే పక్కవాళ్ళ మాటకి అసలు విలువే లేదు, ఈ మోడల్ పక్కన పెట్టేయండి. భాగించమనడం ఎందుకంటే, నెలరోజుల్లో ఎన్ని విడతల మాటలు నడిచాయో మనకి తెలీదు. మార్పులు కొద్దిగానే ఉన్నంతవరకు భాగహారంలో ఆ లెక్క కొట్టుకుపోతుంది.

అప్పుడు కూడా ఒక అనుమానం మిగులుతుంది. పక్క పక్క ఇళ్ళు ఒకే మాట అంటున్నాయంటే ఒకరు ఇంకొకరిని మార్చారనేం లేదు. ఇద్దరి మేడ మీదా ఒకే వేపచెట్టు నీడ పడుతుండొచ్చు.

అభిప్రాయం అవును కాదు కాకుండా అంకె అయితే ఈ పిక్కలు పనికిరావు. ఉదాహరణకి మెయింటెనెన్స్ 2000 ఉండాలా, 4000 ఉండాలా అన్న గొడవ. దానికి 2000 సంవత్సరంలో గియోమ్ దెఫువాన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఇచ్చిన పద్ధతి ఉంది. ఇద్దరి అంకెల మధ్య తేడా ఒక హద్దులోపే ఉంటే చెరో కొంత జరిగి దగ్గరవుతారు, హద్దు దాటితే ఒకరి మాట ఒకరు వినరు. హద్దు 1000 అయితే అందరూ ఒక్కటవుతారు, 500 అయితే సుమారు రెండు గుంపులు, 200 అయితే ఐదు. కాయితం మీద పేర్లూ అంకెలూ రాసుకుని ఇద్దరిద్దరిని చీటీలు తీస్తూ ఆడొచ్చు.

మా అపార్ట్‌మెంట్‌లో సోలార్ ప్రశ్నని నెల తేడాతో అడిగి, పైన చెప్పిన రెండు విడతల లెక్క తీశాను. మూడో ఫ్లోర్ పిన్నిగారు మొదటిసారి గట్టిగా వద్దన్నారు, ఆవిడ మాట్లాడే నలుగురూ వద్దనేవాళ్ళే. రెండోసారి వెళ్తే "పెట్టించేద్దాం బాబూ" అన్నారు. రెండు ఆర్లు పడ్డాయనుకుని నోటుపుస్తకంలో టిక్కు పెట్టబోతున్నాను. "మా వాడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి చెప్పాడు, అక్కడ వాళ్ళింటి మీద పెట్టారట" అన్నారు ఆవిడ. నా బోర్డు మీద ఆ అబ్బాయికి గడి లేదు. అప్పటినుంచి చార్టు బయట, మూలన, ఒక తెల్లపిక్క విడిగా పెడుతున్నాను.